విరహం నుంచి ప్రయాణానికి: యెహూదా హలేవి కవిత్వంలో కవిసమయం – ఆచరణ

వ్యాససంగ్రహం

మధ్యయుగ స్పెయిన్‌లో జీవించిన యూదు కవి యెహూదా హలేవి (సు. 1075–1141) హీబ్రూ కవిత్వంలోనూ యూదు తత్త్వచింతనలోనూ సమాన ఖ్యాతి పొందాడు. అరబ్బీ ఛందస్సును, కవిసమయాలను హీబ్రూలో పరిపూర్ణంగా ప్రయోగించిన ఈ కవి తన తాత్త్విక గ్రంథంలో అదే ఛందస్సును తప్పుపట్టాడు. జీవితమంతా అందలూసియా నాగరికతలో మునిగి ఉండి, వార్ధక్యంలో దానిని విడిచి సముద్రయానం చేశాడు. ఈ రెండు వైరుధ్యాలనూ ఒకదానితో ఒకటి కలిపి చదవడం ఈ వ్యాసం ఉద్దేశం. కైరో గెనీజా లేఖలు వెలుగులోకి తెచ్చిన జీవితవిశేషాల ఆధారంగా, హలేవి ఉత్తరకాల కవిత్వంలో సంప్రదాయసిద్ధమైన విరహం ఎలా ఆచరణగా మారిందో, ఆ మార్పులో కవిసమయం ఎలా నిలిచిందో ఇందులో పరిశీలించడమైంది.

కీలకపదాలు: యెహూదా హలేవి, అందలూసియా, హీబ్రూ ఛందస్సు, గెనీజా, కుజారీ, సియోను గీతాలు, కవిసమయం

1. ఉపోద్ఘాతం

పదో శతాబ్ది మధ్యభాగం నుంచి పన్నెండో శతాబ్ది మధ్యభాగం వరకు ముస్లిం పాలనలోని స్పెయిన్‌లో వెలువడిన హీబ్రూ కవిత్వాన్ని సాహిత్య చరిత్రకారులు స్వర్ణయుగ కవిత్వంగా వ్యవహరిస్తారు. ఆ యుగానికి ప్రతినిధులుగా నలుగురిని చెప్పడం పరిపాటి: షమూయేల్ హనగీద్ (993–1056), షెలోమో ఇబ్న్ గబిరోల్, మోషే ఇబ్న్ ఎజ్రా, యెహూదా హలేవి. వీరిలో చివరివాడైన హలేవి పేరుతో సుమారు 800 కవితలు లభిస్తున్నాయి. ప్రేమ కవితలు, మిత్రస్తుతులు, పెళ్ళిపాటలు, స్మృతిగీతాలు, ప్రార్థనామందిరంలో పాడే ఆరాధన గీతాలు, సముద్రయాన కవితలు, సియోను గీతాలు అందులో ఉన్నాయి.

ఇంత వైవిధ్యం గల కవిని చదవడానికి విమర్శకులు సాధారణంగా ఒక సులభమార్గాన్ని ఎంచుకున్నారు. యౌవనంలో విలాస కవి, వార్ధక్యంలో భక్తకవి అని జీవితాన్ని రెండుగా విభజించి, కవితలను ఆ రెండు గదుల్లో సర్దారు. ఈ విభజన చూడ్డానికి చక్కగా ఉంటుంది. కాని కవితల సాక్ష్యం, లేఖల సాక్ష్యం రెండూ దానికి అనుకూలంగా లేవు. హలేవి చివరి సంవత్సరపు రచనల్లోనూ ప్రణయ వర్ణనలు ఉన్నాయి. ఆరాధన గీతాల్లోనూ అరబ్బీ ప్రణయ కవిత్వపు పరిభాష ఉంది. కాబట్టి అడగవలసిన ప్రశ్న వేరు. ఒకే భాష, ఒకే ఛందస్సు, ఒకే కవిసమయ సంపద భిన్న ప్రయోజనాలకు ఎలా ఉపకరించాయి? ఆ సంపదను కవి స్వయంగా ప్రశ్నించిన తరువాత కూడా ఎందుకు విడవలేదు?

2. కవి జీవితం – చారిత్రక నేపథ్యం

హలేవి జన్మస్థలం తొలేదో అని పూర్వం భావించేవారు. ఉత్తర స్పెయిన్‌లోని తూదేలా అని ఆధునిక పరిశోధకుల్లో ఎక్కువమంది అంగీకరిస్తున్నారు. అతడు పుట్టేనాటికి తూదేలా ముస్లిం పాలనలో ఉండేది. యౌవనంలోనే దక్షిణాదికి, హీబ్రూ కవులకు నిలయమైన అందలూసియాకు ప్రయాణమయ్యాడు. మోషే ఇబ్న్ ఎజ్రా రచించిన ఒక క్లిష్టమైన గీతాన్ని అనుకరిస్తూ హలేవి ఒక గీతం చెప్పాడనీ, దానికి ముగ్ధుడైన ఇబ్న్ ఎజ్రా అతన్ని గ్రనడాకు ఆహ్వానించాడనీ వారి మధ్య నడిచిన రచనల వల్ల తెలుస్తుంది. పూర్వకవి ఛందస్సును, అంత్యప్రాసను స్వీకరించి కొత్త కవిత చెప్పి మెప్పించడం ఆ కవిసమాజంలో ప్రవేశపరీక్ష వంటిది.

ఆ సమాజం ఎక్కువ కాలం నిలవలేదు. 1085లో కాస్తీల్ రాజు ఆరో అల్ఫోన్సో తొలేదోను జయించాడు. 1090లో ఉత్తర ఆఫ్రికా నుంచి వచ్చిన అల్మొరావిదులు గ్రనడాను వశపరచుకున్నారు. కవుల మండలి చెదిరిపోయింది. హలేవి కొంతకాలం క్రైస్తవ పాలనలోని తొలేదోలో వైద్యవృత్తిలో గడిపాడు. అక్కడ ఉన్నతోద్యోగి అయిన షెలోమో ఇబ్న్ ఫెరుజియేల్ 1108లో హత్యకు గురైనప్పుడు హలేవి రచించిన స్మృతిగీతం, రాజాస్థానంలో ఎంత ఎత్తుకు ఎదిగినా యూదుల భద్రత ఎంత బలహీనమో అతడు గ్రహించిన సందర్భంగా చరిత్రకారులు గుర్తిస్తారు. అంతకు ముందే, 1099లో, క్రూసేడర్లు జెరూసలేమును జయించి అక్కడి ముస్లింలను, యూదులను ఊచకోత కోశారు. స్పెయిన్‌లోనూ పాలస్తీనాలోనూ రెండు పెద్ద మతశక్తులు తలపడుతుండగా ఏ పక్షానికీ చెందని ప్రజ నలిగిపోవడం హలేవి కవిత్వానికి స్థిరమైన నేపథ్యం.

1140లో, అరవై దాటిన వయసులో, కుమార్తెను, మనుమణ్ణి, శిష్యులను, మిత్రులను వదిలి హలేవి ఓడ ఎక్కాడు. ఆ ఏడాది సెప్టెంబరు 8న అలెగ్జాండ్రియా చేరాడు. ఈజిప్టులో కొన్ని నెలలు గడిపి, 1141 మే నెలలో పాలస్తీనా వైపు మళ్ళీ ఓడ ఎక్కాడు. అదే సంవత్సరం మరణించాడు.

3. ఐతిహ్యం – లేఖలు

హలేవి మరణం గురించి అత్యంత ప్రచారం పొందిన కథ అతడు మరణించిన నాలుగు శతాబ్దాలకు పైగా గడిచిన తరువాత అచ్చయింది. 1587లో వెనిస్‌లో ముద్రితమైన గెదాల్యా ఇబ్న్ యహ్యా చరిత్రగ్రంథం ప్రకారం, హలేవి జెరూసలేము ద్వారాల వద్ద మోకరిల్లి తన సియోను గీతాన్ని పాడుతుండగా ఒక అరబ్బు ఆశ్వికుడు గుర్రంతో తొక్కి చంపాడు. గ్రంథకర్త దీనిని ఒక వృద్ధుని నోట విన్నట్లు చెప్పుకున్నాడు. 1141లో జెరూసలేము క్రూసేడర్ల చేతిలో ఉంది. ఆ నగర ద్వారం దగ్గర ఒక ముస్లిం ఆశ్వికుడు ఇలాంటి పని చేయడం నమ్మశక్యం కాదని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. అయినా జర్మన్ కవి హైన్రిఖ్ హైనె 1851లో వెలువరించిన ‘రొమన్‌జేరో’ సంపుటిలోని దీర్ఘకవిత ద్వారా ఈ కథ యూరోపు పాఠకుల మనసుల్లో పాదుకుంది.

ఐతిహ్యం అబద్ధం కావచ్చు. కాని అది నిరర్థకం కాదు. కవితలోని కోరిక నెరవేరిన క్షణంలోనే కవి జీవితం ముగియాలని పాఠకలోకం కోరుకుంది. ఆ కోరికను కథ తీర్చింది. విమర్శకు దీనివల్ల కలిగే నష్టం మాత్రం చిన్నది కాదు. కవితకు మరణమే తాత్పర్యంగా మారిపోతుంది. సందేహాలు, జాప్యాలు, లౌకిక సంబంధాలు, చివరి నెలల్లో రాసిన వినోద కవితలు, అన్నీ ఆ ఒక్క దృశ్యం వెనక మరుగున పడతాయి.

ఈ స్థితిని మార్చినవి గెనీజా పత్రాలు. పాత కైరో పరిధిలోని ఫుస్తాత్‌లో బెన్ ఎజ్రా ప్రార్థనామందిరపు గదిలో శతాబ్దాలుగా పోగుపడిన లిఖితపత్రాలను 1896–97లో సొలొమన్ షెక్టర్ కేంబ్రిడ్జికి తరలించాడు. ఇరవయ్యో శతాబ్ది మధ్యభాగంలో ఎస్. డి. గోయ్‌టైన్ వాటిలో హలేవి స్వహస్తంతో రాసిన లేఖలను, అతని ప్రయాణాన్ని ప్రస్తావించే ఇతరుల లేఖలను గుర్తించి ప్రకటించాడు. వీటిలో చాలాభాగం హల్ఫోన్ బెన్ నెతన్యేల్ అనే కైరో వర్తకునికి సంబంధించినవి. ఈ హల్ఫోన్ స్పెయిన్ నుంచి ఏడెన్ మీదుగా భారతదేశం వరకు వ్యాపించిన వాణిజ్యంలో పాల్గొన్నవాడు. అందుకే హలేవికి సంబంధించిన పత్రాలు భారత సముద్ర వాణిజ్య చరిత్రకోసం గోయ్‌టైన్ తలపెట్టిన బృహత్సంకలనంలో భాగమయ్యాయి. మలబారు తీరపు మిరియాల వ్యాపారమూ హీబ్రూ కవి జీవితచరిత్రా ఒకే పత్రరాశిలో భద్రపడి ఉండడం మధ్యయుగ ప్రపంచ స్వరూపాన్ని తెలిపే విశేషం.

లేఖల్లో కనిపించే హలేవి ఐతిహ్యంలోని ఏకాంత యోగి కాడు. తొలేదోలో బందీగా చిక్కిన ఒక యూదు స్త్రీని విడిపించడానికి చందాలు పోగుచేస్తూ మిత్రులకు ఉత్తరాలు రాసిన మనిషి. అలెగ్జాండ్రియాలో న్యాయాధిపతి అహరోన్ ఇబ్న్ అల్-అమ్మానీ ఇంట ఆతిథ్యం పొంది, ఆయనను స్తుతిస్తూ కవితలు చెప్పినవాడు. అతనికి ఆతిథ్యమిచ్చే గౌరవం కోసం పురప్రముఖులు పోటీపడ్డారు. యాత్రకు బయలుదేరిన మనిషి ఇలాంటి లౌకిక కవితలు రాయడమేమిటని ఆక్షేపించినవారూ ఉన్నారు. ఈ ఆక్షేపణ విమర్శకు చాలా విలువైనది. భక్తికీ కవితావినోదానికీ పొసగదన్న అభిప్రాయం ఆధునిక విమర్శకుల కల్పన కాదనీ, కవి జీవించి ఉండగానే అది వినిపించిందనీ, దాన్ని లెక్కచేయకుండా అతడు రాశాడనీ దీనివల్ల తెలుస్తుంది.

4. ఛందస్సు: అరువు తెచ్చుకున్న నడక

హలేవి వైరుధ్యాన్ని అర్థం చేసుకోవడానికి అతని ఛందస్సు గురించి కొంత తెలియాలి. పదో శతాబ్దిలో దునాష్ బెన్ లబ్రాత్ అరబ్బీ ఛందస్సును హీబ్రూకు అన్వయించాడు. అరబ్బీ ఛందస్సు మన ఛందస్సు వలెనే అక్షర పరిమాణం మీద ఆధారపడినది. హీబ్రూలో ఆనాటి ఉచ్చారణలో హ్రస్వదీర్ఘ భేదం అంత స్పష్టంగా లేదు. కాబట్టి దునాష్ ఒక ఉపాయం కల్పించాడు. షెవా అనే అత్యల్ప స్వరంతో పలికే హల్లును లఘువు స్థానంలో, పూర్ణస్వరం గల అక్షరాన్ని గురువు స్థానంలో గ్రహించాడు. షెవా, దాని వెంట పూర్ణస్వరం కలిసి వస్తే దానిని ‘యాతేద్’ అన్నారు. ఈ మాటకు గుడారపు మేకు అని అర్థం. మన పరిభాషలో ఇది లఘువు, గురువు కలిసిన వగణం. విడిగా వచ్చే పూర్ణస్వరాక్షరం ‘తెనువా’.

‘మెరుబ్బె’ అనే ప్రసిద్ధ వృత్తంలో అర్ధపాదం ఇలా నడుస్తుంది: లఘువు మీద మూడు గురువులు, మళ్ళీ లఘువు మీద మూడు గురువులు, చివర లఘువు మీద రెండు గురువులు. యగణం గుర్తున్న తెలుగు పాఠకునికి ఈ నడక వెంటనే చెవికి అందుతుంది. పద్యమంతటా ప్రతి పంక్తి చివర ఒకే అంత్యప్రాస ఉంటుంది. ఊనిక మీద ఆధారపడిన ఆంగ్ల ఛందస్సులోకి చేసిన అనువాదాల్లో ఈ పరిమాణాత్మకమైన నడక కనిపించదు. ఈ ఒక్క విషయంలో లఘుగురు సంప్రదాయం గల తెలుగువారికి హీబ్రూ మధ్యయుగ కవిత్వం ఆంగ్ల పాఠకుని కంటే దగ్గరది. పోలికకు హద్దు ఉందని కూడా గుర్తించాలి. హీబ్రూలో రెండు షెవాలు వరసగా పలకవు గనుక రెండు లఘువులు పక్కపక్కన రావు. అలా వచ్చే అరబ్బీ వృత్తాలను మార్చి తీసుకోవలసి వచ్చింది. నలగణాల పరుగు ఈ భాషకు సాధ్యం కాదు.

దునాష్ పద్ధతిని ఆనాడే మెనహేమ్ బెన్ సరూక్ శిష్యులు తీవ్రంగా వ్యతిరేకించారు. పరభాషా వృత్తం కోసం హీబ్రూ వ్యాకరణాన్ని వంచవలసి వస్తోందన్నది వారి ఆరోపణ. వాదం శాస్త్రీయంగా ఎటు తేలినా కవిత్వంలో దునాష్ పక్షమే గెలిచింది. హలేవి నాటికి ఆ ఛందస్సుకు నూరేళ్ళ పైచిలుకు చరిత్ర ఉంది. హలేవి దానిలో పుట్టి పెరిగాడు. అంతేకాక ‘మువష్షహ్’ అనే గేయరూపాన్నీ అతడు విరివిగా రచించాడు. ఈ గేయాల చివరి చరణాన్ని ‘ఖర్జా’ అంటారు. హీబ్రూ గేయానికి అరబ్బీలోనో, స్థానిక రోమాన్సు భాషలోనో ఖర్జాను ముడివేసేవారు. 1948లో శామ్యూల్ స్టెర్న్ ఈ రోమాన్సు ఖర్జాల మీద ప్రకటించిన పరిశోధన, స్పెయిన్ దేశభాషా గేయాల అతి ప్రాచీన ఆధారాల్లో కొన్ని హీబ్రూ లిపిలో దాగి ఉన్నాయని నిరూపించింది. వాటిలో హలేవి గేయాల ఖర్జాలూ ఉన్నాయి.

5. ప్రణయం నుంచి ఆరాధనకు

హలేవి ప్రేమ కవితల్లో నాయిక లేదా నాయకుడు జింకగా కనిపించడం, చూపులు బాణాలు కావడం, ఎడబాటులో కన్నీరు వరదలు కావడం అరబ్బీ కవిసమయాలే. వీటిని కవి స్వీయానుభవాలుగా చదవడం పొరపాటు. అయితే ఇవి కేవలం అలంకారాలని కొట్టివేయడమూ పొరపాటే. ఈ పరిభాషకు హలేవి ఇచ్చిన కొత్త పని ఆరాధన గీతాల్లో కనిపిస్తుంది.

ఒక ఉదాహరణ విమర్శకుల దృష్టిని ప్రత్యేకంగా ఆకర్షించింది. అబ్బాసీ యుగపు అరబ్బీ కవి అబూ అల్-షీస్ రాసిన ఒక ప్రేమకవితలో ప్రియుడు ప్రియురాలి తిరస్కారాన్ని సైతం ప్రేమిస్తాడు. ఆమె అతన్ని శత్రువుల వలె బాధిస్తుంది గనుక ఆమెను పోలిన ఆ శత్రువులపైనా అతనికి మమకారం పుడుతుంది. హలేవి ఈ కవితను అనుసరించి ఒక హీబ్రూ ఆరాధన గీతం రచించాడు. అక్కడ మాట్లాడేది యూదు ప్రజ, సంబోధ్యుడు దైవం. విలాస కవితలో చమత్కారంగా ఉన్న మాట ఇక్కడ భయంకరమైన గాంభీర్యాన్ని పొందుతుంది. శత్రువులు ఇప్పుడు అలంకారం కారు. 1099 తరువాతి పాఠకునికి వారు ఎవరో తెలుసు. బాధను దైవప్రేమకు చిహ్నంగా స్వీకరించడం ఓదార్పా, నిస్సహాయతా, మౌనంగా చేసిన నిందా అన్న ప్రశ్నను గీతం తేల్చదు. ఆ తేల్చకపోవడంలోనే దాని బలం ఉంది.

మధురభక్తి సంప్రదాయం తెలిసిన తెలుగు పరిశోధకులకు అన్నమయ్య శృంగార సంకీర్తనలు ఇక్కడ స్ఫురించడం సహజం. ఒక భేదాన్ని మరవకూడదు. హలేవి ఈ తరహా గీతాల్లో విరహిణి స్థానంలో ఉన్నది ప్రధానంగా ఒక జనసమూహం. బైబిలులోని పరమగీతానికి యూదు వ్యాఖ్యాన సంప్రదాయం ఇచ్చిన అర్థం దీనికి మూలం. కాబట్టి ఇక్కడి విరహానికి చరిత్ర ఉంది. తేదీలు, ఓటములు, వలసలు ఉన్నాయి. వ్యక్తిగత శృంగారపు మాటలు సామూహిక చరిత్రను మోయడం ఈ గీతాల ప్రత్యేకత.

6. సియోను గీతాలు: శిథిలాలు, గాలి

సియోను గీతాలు హలేవికి అత్యధిక కీర్తిని తెచ్చినవి. వీటిలో సియోనును నేరుగా సంబోధించే దీర్ఘగీతం దేవాలయ విధ్వంసాన్ని స్మరించే ఉపవాసదినాన, ముఖ్యంగా మధ్య, తూర్పు యూరోపు యూదుల సంప్రదాయంలో, నేటికీ పఠితమవుతోంది. తరువాతి కవులు దానికి ఎన్నో అనుకరణలు రచించారు. ఈ గీతాల నిర్మాణాన్ని పరిశీలిస్తే రెండు అరబ్బీ కవిసమయాలు ఇక్కడ రూపం మార్చుకోవడం కనిపిస్తుంది.

మొదటిది శిథిలాల సమయం. ఇస్లాముకు పూర్వపు అరబ్బీ ‘కసీదా’ తరచు ఒక విడిది శిథిలాల వద్ద ప్రారంభమవుతుంది. ప్రియురాలి తెగ గుడారాలు ఎత్తుకుని వెళ్ళిపోయింది. కవి అక్కడ ఆగి, ఒకప్పుడు తాను గడిపిన రోజులను తలచుకుని విలపిస్తాడు. హలేవి ఈ దృశ్యాన్ని జెరూసలేముకు అన్వయించాడు. కాని అతని కసీదాలో మూలభూతమైన తేడా ఉంది. అరబ్బు కవి తాను చూసిన చోటును తలచుకుంటాడు. హలేవి తాను ఎన్నడూ చూడని శిథిలాల కోసం తపిస్తాడు. ఆ స్మృతి గ్రంథానిది, సమూహానిది, అతనిది కాదు. స్మరణ రూపంలో ఉన్న కవిసమయం ఇక్కడ ఆకాంక్షగా మారింది. ఆకాంక్షకు స్మరణకు లేని ఒక బాధ్యత ఉంటుంది. గతాన్ని తలచుకునేవాడు ఉన్నచోటే ఉండి విలపించవచ్చు. చూడని చోటును కోరుకునేవాణ్ణి ‘మరి ఎందుకు వెళ్ళవు?’ అని ఎవరైనా అడగవచ్చు. ఉంటున్న చోటికీ కోరుకున్న చోటికీ మధ్య ఎడబాటును వర్ణించే హలేవి చిన్న కవిత ప్రసిద్ధి వెనక ఈ అడగని ప్రశ్న ఉంది.

రెండవది గాలి. అరబ్బీ ప్రణయ కవిత్వంలో తూర్పుగాలి ప్రియురాలి వైపు నుంచి పరిమళాన్ని, సందేశాన్ని మోసుకొస్తుంది. హలేవి సముద్రయాన కవితల్లో ఒకటి పడమటి గాలికి సంబోధన. దాని పరిమళాన్ని, సౌకుమార్యాన్ని కవి సంప్రదాయ పద్ధతిలోనే పొగడుతాడు. అయితే ఈ గాలి సందేశం తేదు, ఓడను నడుపుతుంది. గెనీజా లేఖల ప్రకారం 1141 వసంతంలో అలెగ్జాండ్రియా రేవులో ఓడ ఎక్కిన హలేవి పడమటి గాలి కోసం రోజుల తరబడి ఎదురుచూశాడు. మే 14న అనుకూలమైన గాలి వీచి ఓడ కదిలింది. కవితలోని గాలీ లేఖలోని గాలీ ఒకటే. కవిసమయం వాతావరణంగా మారిన ఇటువంటి ఘట్టాలు సాహిత్య చరిత్రలో అరుదు.

తుపాను కవితలను కూడా ఈ దృష్టితోనే చదవాలి. కొయ్యపలకల మీద కాళ్ళు నిలవని దేహం, నావికుల దయ మీద ఆధారపడిన పండితుడు, ఇంటిదగ్గర వదిలివచ్చిన కుమార్తె, మనుమడు అందులో ఉన్నారు. భయాన్ని దాచకపోవడం, విడిచిపెట్టినవాటి విలువను తగ్గించి చెప్పకపోవడం ఈ కవితలకు విశ్వసనీయతను ఇస్తున్నాయి. ఈజిప్టు చేరిన తరువాత నైలు తీరపు పచ్చదనాన్ని, అక్కడి యువతులను వర్ణిస్తూ రాసిన కవితలు పవిత్రయాత్రకు విరుద్ధంగా కొందరికి తోచాయి. లోకం మీద మమత చచ్చినవాడు లోకాన్ని వదిలితే అందులో త్యాగం లేదు. హలేవి వదిలినది ఇంకా ప్రేమిస్తున్న లోకాన్ని.

7. ‘కుజారీ’: కవి తనమీద చేసిన విచారణ

‘కుజారీ’గా ప్రసిద్ధమైన హలేవి తాత్త్విక గ్రంథం అరబ్బీ భాషలో, సంభాషణ రూపంలో, ఐదు భాగాలుగా రచితమైంది. తిరస్కృతమైన మతాన్ని సమర్థించే వాద గ్రంథమని దాని అరబ్బీ పేరు సూచిస్తుంది. 1167లో యెహూదా ఇబ్న్ తిబ్బోన్ దానిని హీబ్రూలోకి అనువదించాడు. యూదు మతాన్ని స్వీకరించిన ఖజారుల రాజు కథ దీనికి చట్రం. రాజు మొదట ఒక తత్త్వవేత్తను, క్రైస్తవుణ్ణి, ముస్లిమును ప్రశ్నించి, చివరకు యూదు పండితునితో సుదీర్ఘ సంభాషణ జరుపుతాడు.

ఈ గ్రంథంలోని రెండు ఘట్టాలు కవి హలేవిని అర్థం చేసుకోవడానికి కీలకం. రెండూ రెండవ భాగంలోనే ఉన్నాయి. మొదటి ఘట్టంలో పండితుడు పవిత్రభూమి మహిమను వర్ణిస్తుండగా రాజు అడ్డు తగిలి, అంత మహిమ గల నేలకు మీరు వెళ్ళే ప్రయత్నం చేయరెందుకని అడుగుతాడు. ప్రార్థనల్లో ఆ మాటలు పలకడం అలవాటుగా చేసే ఉచ్చారణ మాత్రమేనని పండితుడు సిగ్గుతో ఒప్పుకుంటాడు. సియోను గీతాలు అడగకుండా వదిలిన ప్రశ్నను ఇక్కడ రాజు అడిగాడు. గ్రంథాంతంలో పండితుడు ప్రయాణానికి సిద్ధమవుతాడు.

రెండవ ఘట్టం భాషకు సంబంధించినది. హీబ్రూ భాష ఔన్నత్యాన్ని పండితుడు వివరిస్తూ, లేఖన పఠనంలో వాడే స్వరచిహ్నాల వల్ల మాటలోని విరామం, ప్రశ్న, ఆజ్ఞ, ఆశ్చర్యం రాతలో కూడా నిలుస్తాయంటాడు. ఛందోబద్ధ రచన ఈ గుణాన్ని చెరుపుతుంది. ఆగవలసిన చోట కలిపి, కలపవలసిన చోట ఆపి చదవమంటుంది. అలాంటప్పుడు మీ కవులు పరజాతుల ఛందస్సును ఎందుకు అనుసరిస్తున్నారని రాజు అడిగితే, అది తమ అపరాధమేనని పండితుడు అంగీకరిస్తాడు. అరబ్బీ వృత్తాల్లో వందలాది పద్యాలు చెప్పిన కవి కలం నుంచి వెలువడిన మాట ఇది.

ఈ రెండు ఘట్టాలనూ విమర్శకులు సాధారణంగా వేర్వేరుగా చర్చించారు. మొదటిదాన్ని జీవితచరిత్రకారులు, రెండవదాన్ని ఛందశ్శాస్త్రజ్ఞులు పట్టించుకున్నారు. రెండింటికీ స్వరూపం ఒకటే. రెండు చోట్లా రాజు బయటివాని చూపుతో, చెప్పే మాటకూ చేసే పనికీ మధ్య ఎడాన్ని ఎత్తిచూపుతాడు. రెండు చోట్లా పండితుడు సమర్థించుకోడు. తేడా తరువాత జరిగినదానిలో ఉంది. నేల విషయంలో హలేవి తప్పును దిద్దుకున్నాడు, బయలుదేరాడు. ఛందస్సు విషయంలో దిద్దుకోలేదు. బయలుదేరుతూ రాసిన కవితలు కూడా అరబ్బీ నడకలోనే సాగాయి.

దీనిని అస్థిరత అనడం సులభం. నా పరిశీలనలో ఇది వేరొక సత్యాన్ని తెలుపుతుంది. దేశాన్ని విడవవచ్చు, ఆస్తిని, ఆప్తులను విడవవచ్చు. తన విరహాన్ని ఏ భాషాసంప్రదాయంలో గుర్తుపట్టాడో దానిని విడవడం కవికి సాధ్యం కాలేదు. శిథిలాల సమయం లేకుండా సియోను గీతం లేదు. గాలి సమయం లేకుండా సముద్రగీతం లేదు. పరాయిదని తాను నిందించిన రూపమే తన స్వంత గమ్యాన్ని చూపిందన్న ఎరుక ‘కుజారీ’ వాదంలో చోటు దొరకని సత్యం. అది కవితల్లో మాత్రమే కనిపిస్తుంది.

8. ఆధునిక పఠనాలు

1839లో ఎస్. డి. లుజ్జాత్తో హలేవి దివాన్ లిఖితప్రతిని సంపాదించి, 1840లో ప్రాగ్‌లో అందులోని కొన్ని కవితలను ప్రకటించడంతో ఆధునిక పఠనం మొదలైంది. హైన్రిఖ్ బ్రోదీ సంపాదకత్వంలో దివాన్ 1894 నుంచి 1930 వరకు సంపుటాలుగా వెలువడింది. ఫ్రాంజ్ రోజెన్‌ట్స్‌వైగ్ 1920లలో జర్మన్‌లోకి అనువదిస్తూ మూల ఛందస్సును, ప్రాసను నిలపడానికి ప్రయత్నించాడు. పరాయి రూపాన్ని సొంత భాషలో మోయించాలన్న ఆ అనువాద ప్రయత్నం దునాష్ చేసిన పనికి తొమ్మిది శతాబ్దాల పైచిలుకు తరువాతి ప్రతిధ్వని.

ఇరవయ్యో శతాబ్దిలో హలేవి జాతీయకవిగా స్థిరపడ్డాడు. ఆధునిక సియోనిజానికి పూర్వగామిగా అతన్ని చూపే ధోరణి హిల్లెల్ హాల్కిన్ 2010లో ప్రచురించిన జీవితచరిత్రలోనూ ఉంది. అంతకు ముందు 2008లో రేమండ్ షైండ్లిన్ రాసిన గ్రంథం హలేవి యాత్రను వ్యక్తిగతమైన ఆధ్యాత్మిక అన్వేషణగా వ్యాఖ్యానించింది. రెండు పక్షాల మధ్య ఉన్నది కేవలం పాండిత్యవివాదం కాదు. పన్నెండో శతాబ్ది కవితను నేటి భూవివాదంలో సాక్ష్యంగా పిలవవచ్చునా అన్న ప్రశ్న అందులో ఉంది. హలేవి ఎవరినీ సమీకరించలేదు, రాజ్యాన్ని కోరలేదు, క్రూసేడర్ల పాలనలో ఉన్న నేలకు ముసలితనంలో కొద్దిమంది తోడుతో వెళ్ళాడు. ఈ వాస్తవాలు షైండ్లిన్ పక్షానికి బలమిస్తాయి. మరోవైపు, అతని విరహిణి ఒక ప్రజ అన్న విషయాన్ని మరచి యాత్రను పూర్తిగా వ్యక్తిగతం చేయడం కూడా కవితలకు అన్యాయమే.

‘కుజారీ’లో మరో చిక్కు ఉంది. దైవానుగ్రహం ఒక వంశానికి ప్రత్యేకంగా సంక్రమించిందనీ, మతాంతరం ద్వారా చేరినవారు జన్మతః యూదులైనవారితో పూర్తిగా సమానులు కాలేరనీ గ్రంథం వాదిస్తుంది. అవమానంలో ఉన్న ఒక అల్పసంఖ్యాక సమాజపు ఆత్మరక్షణగా దీనిని అర్థం చేసుకోవచ్చు. అర్థం చేసుకోవడం అంగీకరించడం కాదు. హలేవిని ఆరాధించే రచనలు ఈ వాదాన్ని దాటవేయడం, వ్యతిరేకించే రచనలు దీనికే కవిని కుదించడం రెండూ జరిగాయి. అరబ్బీలో ఆలోచించి, అరబ్బీ కవితను ఆరాధన గీతంగా మార్చి, రోమాన్సు పాటతో హీబ్రూ గేయాన్ని ముగించిన అతని కవిత్వమే ఈ వంశవాదానికి బలమైన ప్రతివాదమని నా అభిప్రాయం.

9. ముగింపు

పై పరిశీలన వల్ల ఈ అంశాలను నిర్ధారించవచ్చు.

• హలేవి కవిత్వాన్ని విలాసం, భక్తి అని రెండు దశలుగా విభజించడం గెనీజా లేఖలకూ ఈజిప్టు కవితలకూ విరుద్ధం.

• శిథిలాలు, గాలి, విరహం వంటి అరబ్బీ కవిసమయాలు సియోను గీతాల్లో బాహ్యాలంకారాలుగా కాక, ఆకాంక్షను ఆచరణ వైపు నడిపే నిర్మాణాంశాలుగా పనిచేశాయి.

• ‘కుజారీ’లోని ఛందోవిమర్శ, ప్రయాణ ప్రస్తావన ఒకే ఆత్మపరీక్షకు రెండు ముఖాలు. ఒకదానికి హలేవి జీవితంతో సమాధానం చెప్పాడు. రెండవది సమాధానం లేకుండా మిగిలింది. ఆ మిగులులోనే అతని చివరి కవితలు ఉన్నాయి.

• లఘుగురు పరిభాష గల తెలుగు విమర్శ ఈ కవిత్వ రూపాన్ని వివరించడానికి అనువైన సాధనాలు కలిగి ఉంది. హీబ్రూ, అరబ్బీ మధ్యయుగ ఛందస్సుల మీద తెలుగులో తులనాత్మక పరిశోధనకు ఇది తగిన ఆరంభస్థానం.

మరణదృశ్యంతో ముగిసే ఐతిహ్యం కంటే, అలెగ్జాండ్రియా రేవులో గాలి మళ్ళడం కోసం కాచుకున్న వృద్ధకవి చిత్రం హలేవి కవిత్వానికి సన్నిహితమైనది. కోరిక తీరిందా లేదా అన్నదానికన్నా, కోరికను మాటగానే మిగలనివ్వకుండా ఓడ ఎక్కించిన నిర్ణయం ఆ కవిత్వానికి విలువను సమకూర్చింది.